మిత్తి రేటులో కులం (కిరాయి ఇళ్ల మీద నాలుగో భాగం)

పోయిన మూడు భాగాల్లో టు-లెట్ బోర్డుల గురించి రాశాను. అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో, తార్నాకలో గది కోసం తిరిగిన మన పిల్లలు ఏమేం విన్నారో రాశాను. "మీరేమోళ్లు?" దగ్గర మొదలై "నిన్ననే ఇచ్చేశామమ్మా" దగ్గర ముగిసే సంభాషణలు మీలో చాలామందికి కంఠతా వచ్చు. వాటి కింద ఓయూలో పీజీ చదివే ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, మీకు కూడా నాలుగు పోర్షన్లున్నయంట కదా. అంబేద్కరిస్టు కిరాయి వసూలు చేసుకోవచ్చా? ఓనర్ అంటేనే దోపిడీదారు కదా?"

కొందరు ఆ తమ్ముడి మీద విరుచుకుపడ్డారు. అవసరం లేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. నా జవాబు కామెంట్‌లో పట్టదు, అందుకే ఈ భాగమంతా దానికే.

ముందు లెక్క చెప్తాను. మన ఉద్యమాల్లో ఆత్మగౌరవం గురించి మాట్లాడినంతగా లెక్కల గురించి మాట్లాడం. ఇంటి విషయంలో మాత్రం కులం లెక్కల్లోనే దాక్కొని ఉంటుంది.

ఉప్పల్ దాటాక ఘట్‌కేసర్ వైపు మాకు 150 గజాల ప్లాటుంది. నా సహచరి పేరు మీద. ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. 2012లో గజం 4 వేల చొప్పున కొన్నాం. 2019లో కట్టాం. కింద మేముంటాం. పైన రెండు అంతస్తులు, అంతస్తుకి రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు. మొత్తం కట్టుబడి 2,700 చదరపు అడుగులు. అడుగుకి 1,500 వేసుకుంటే 40 లక్షల పైచిలుకు. అందులో 25 లక్షలు బ్యాంకు లోను, ఆమె జీతం మీద. మిగతా 15 లక్షల్లో 6 లక్షలు చిట్టీ ఎత్తాం, 4 లక్షలు బంగారం అమ్మాం, 3 లక్షలు ఆమె దాచుకున్నవి, 2 లక్షలు మా బావ మిత్తి లేకుండా ఇచ్చిన చేబదులు.

లోను 8.5 శాతానికి, 20 ఏళ్లకు. నెల కిస్తీ 21,700. నాలుగు పోర్షన్ల కిరాయి, ఒక్కోటి 7,500 చొప్పున, నెలకు 30 వేలు. పైకి చూస్తే నెలకు 8 వేల పైన మిగులు. ఇప్పుడు ఏడాది లెక్క చూడండి. కిరాయి 3 లక్షల 60 వేలు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోపు పోర్షన్‌కి సగటున ఒక నెల పోతుంది, అంటే 30 వేలు తీసేయండి. కిస్తీలు 2 లక్షల 60 వేలు. మోటారు కాలడం, పైపు పగలడం, ట్యాంకు కడగడం, సున్నం, మెట్ల మీద లైటు బిల్లు అన్నీ కలిపి 35 వేలు. ఇంటి పన్ను 6 వేలు. చివరికి చేతిలో మిగిలేది 28, 29 వేలు. నెలకు 2,400. చిట్టీ కిస్తీలు జీతంలోంచే పోయాయి. ఇదీ తమ్ముడూ, నా దోపిడీ.

సరదాకి అన్నాను గానీ, అసలు సంగతి వేరే ఉంది. నాకు నెలకు మిగిలేది 2,400 అయినా, 20 ఏళ్లకు ఆ ఇల్లు అప్పు లేకుండా మాదవుతుంది. కిరాయిదారుల డబ్బుతో కిస్తీ తీరుతోంది. అది నిజం. దాన్ని దాచను. ఓనర్‌గిరిలో లాభం నెలనెలా కనపడదు, 20 ఏళ్ల చివర కనపడుతుంది. ఆ 20 ఏళ్లు నిలబడనిచ్చేది ఒక్కటే. ఆ 8.5 శాతం.

ఇప్పుడు ఇదే ప్లాటు, ఇదే ఇటుక, ఇదే మేస్త్రి. బ్యాంకు లేదనుకోండి. 25 లక్షలు బయట ఫైనాన్స్‌లో తెచ్చారు, నూటికి రెండు రూపాయల మిత్తికి. మన బస్తీల్లో అది తక్కువ రేటే. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నెలకు మిత్తి 50 వేలు. వచ్చే కిరాయి 30 వేలు. నాలుగు పోర్షన్లూ నిండి, అందరూ ఒకటో తారీఖున కట్టినా నెలకు 20 వేలు ఇంట్లోంచి పోయాలి. 20 ఏళ్ల తర్వాత చూస్తే అసలు 25 లక్షలు అట్లనే ఉంటుంది. మధ్యలో ఎప్పుడో ఇల్లు అమ్మేస్తారు. కొనేవాడు ఎవడో నేను చెప్పక్కర్లేదు.

రెండు ఇళ్లూ ఒకేలా కనపడతాయి. ఒకరు ఓనర్ అవుతారు, ఇంకొకరు అప్పుల పాలవుతారు. మధ్యలో ఉన్న తేడా కష్టంలోనూ లేదు, తెలివిలోనూ లేదు. కాగితంలో ఉంది. ఎవరి దగ్గర ఏ కాగితం ఉంటుందన్నది మన దేశంలో కులమే నిర్ణయించింది.

ఆ కాగితం కథ చూద్దాం.

బ్యాంకుకు వెళ్లగానే ఫీల్డ్ ఆఫీసర్ లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. మీ కంటే ముందు ఎవరిది, వాళ్ల కంటే ముందు ఎవరిది. 30 ఏళ్ల వెనక్కి పోవాలి. ఈసీ కావాలి, పర్మిషన్ కావాలి. తాతల నాటి పట్టా ఉన్నవాడికి ఇది రెండు రోజుల పని. మరి మనవాళ్ల దగ్గర ఏముంది? ఊళ్లో లావుణి పట్టా. బస్తీలో నోటరీ కాగితం. కాలనీలో "అమ్మరాదు" అని రాసి ఉన్న ఇంటి స్థలం పట్టా.

1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. పేదలకిచ్చిన భూమిని పెద్దలు చౌకగా లాగేసుకోకుండా ఆపడానికి. ఉద్దేశం సరైనదే. ఆ చట్టం లేకుంటే ఇవ్వాళ ఉన్నది కూడా ఉండేది కాదు. ఆ చట్టంలోనే షెడ్యూల్డ్ బ్యాంకుకు, సహకార సంఘానికి తాకట్టు పెట్టుకోవడానికి మినహాయింపు ఉంది. చదివి చూడండి, ఆరో సెక్షన్. కానీ మేనేజర్ టేబుల్ దగ్గర ఆ సెక్షన్ ఎవరికీ గుర్తుండదు. కిస్తీ కట్టకపోతే వేలంలో అమ్ముకోలేని జాగా మీద లోను ఇచ్చి తలనొప్పి ఎందుకనుకుంటాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22-ఎ నిషేధిత జాబితా ఇంకో గోడ. సర్వే నంబర్ అందులో ఉందంటే ఫైలు అక్కడే ఆగుతుంది.

తెలంగాణలో 2014 చివర్లో జీవో 58 వచ్చింది. ప్రభుత్వ జాగాలో గుడిసె వేసుకున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరణ అన్నారు. అప్పుడు పరుగెత్తి దరఖాస్తు పెట్టినవాళ్లు ఒక మెట్టు ఎక్కారు. ఆంధ్రలో 2020 ఇళ్ల స్థలాల పంపిణీలో పట్నంలో 1 సెంటు, పల్లెలో సెంటున్నర ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. మన కుటుంబం తల దాచుకోవడానికి సరిపోతుందేమో గానీ పక్కన ఒక గది వేసి కిరాయికి ఇద్దామంటే జాగా చాలదు. చాలా కాలనీలు ఊరికి దూరంగా వేశారు. కాలేజీ, ఆసుపత్రి, బస్సు స్టాపు దగ్గర ఉంటేనే కిరాయికి మనిషి వస్తాడు. చేనుల మధ్య వేసిన కాలనీలో టు-లెట్ బోర్డు పెడితే కాకులు తప్ప ఎవరూ చదవరు. వాడను ఊరికి దూరంగా పెట్టడం పాత పద్ధతి. ఇళ్ల స్థలాన్ని ఊరికి దూరంగా ఇవ్వడం దాని కొత్త ముఖం. జాగా ఇచ్చారు, జాగాకు ఉండే విలువ మాత్రం ఇవ్వలేదు.

సరే, ఎస్సీల కోసం పథకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2016లో స్టాండప్ ఇండియా వచ్చింది. ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి వరకు లోను ఇవ్వాలన్నారు. అది కొత్తగా పెట్టే పరిశ్రమకు, సేవకు, వ్యాపారానికి. నాలుగు పోర్షన్లు కట్టి కిరాయికిస్తానంటే అందులో వచ్చేది కాదు. ఎస్సీ కార్పొరేషన్ మేళాలకు నేను చాలాసార్లు పోయాను. ఆటో, గేదెలు, కిరాణా షాపు, టెంట్ హౌస్ సామాను, ఇప్పుడు కొత్తగా కార్లు, ట్రాక్టర్లు. అన్నీ ఏడాదేడాదికి విలువ తరిగిపోయేవి. కొన్న రోజు 8 లక్షలున్న కారు ఐదేళ్లకు ఎంతకు పోతుందో మీకు తెలుసు. నేల మీద కట్టిన రెండు గదులను స్వయం ఉపాధి యూనిట్ అన్న మాట ఆ మేళాల్లో ఒక్కసారీ వినలేదు. మనకు ఇచ్చేవి ఎప్పుడూ చక్రాలున్నవే. పునాది ఉన్నది ఇవ్వడానికి ఎందుకు చేయి రాదో ఆలోచించండి.

ఇంతా దాటి ఇల్లు కట్టాక ఇంకో ఖర్చు వస్తుంది. ఏ బ్యాంకు ప్రాజెక్టు రిపోర్టులోనూ అది ఉండదు.

మా మెట్ల మీద, మొదటి అంతస్తుకు తిరిగేచోట బాబాసాహెబ్ ఫోటో పెద్దది ఉంది. పోర్షన్ నచ్చింది, నీళ్లు బాగున్నాయి, రేపు వచ్చి అడ్వాన్స్ ఇస్తామని చెప్పి, దిగేటప్పుడు ఆ ఫోటో దగ్గర ఆగి, మళ్లీ ఫోన్ ఎత్తనివాళ్లు చాలామంది. కిరాయి ఇచ్చేవాడికే కాదు, తీసుకునేవాడికీ కులం కావాలి. మన ఇంట్లో వాళ్లు కిరాయికి ఉంటే మనం ఓనర్, వాళ్లు మనకు నెలనెలా డబ్బు ఇచ్చి "మోటారు వేయండి సార్" అని అడగాలి. ఆ "సార్" గొంతులో అడ్డం పడుతుంది. 2022లో పై పోర్షన్ ఒకటి మూడు నెలలు ఖాళీగా ఉంది. 22,500 పోయింది. బ్రోకర్ నా మంచి కోరే చెప్పాడు. "సార్, ఆ ఫోటో కొంచెం లోపల పెట్టుకోండి. వారంలో నింపేస్తా."

ఫోటో అక్కడే ఉంది. పోర్షన్ కూడా నిండింది, నల్గొండ నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబంతో. వాళ్లకు అంతకుముందు ఆరు చోట్ల ఇల్లు లేదన్నారట. లెక్క రాసే పుస్తకంలో మాత్రం ఆ 22,500 ఎదురుగా నేను "ఖాళీ" అని రాయలేదు, "కులం" అని రాశాను. మీరూ రాయండి. ఎక్కడ ఎంత పోతోందో అంకె పెట్టి రాయకపోతే ఎవరూ నమ్మరు. కొన్నాళ్లకు మనమే నమ్మం.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. అంబేద్కరిస్టు కిరాయి తీసుకోవచ్చా?

1917లో బాబాసాహెబ్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. కొలంబియాలో చదివి, లండన్‌లో చదివి వచ్చిన మనిషికి ఆ ఊళ్లో తల దాచుకునే గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకొని దిగారు. 11వ రోజు పొద్దున కర్రలు పట్టుకొని మనుషులు వచ్చారు. అదే రోజు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇద్దరు స్నేహితులను అడిగారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరి ఇళ్లలోనూ చోటు దొరకలేదు. ఇదంతా మనందరం చదివాం, చదివి ఏడ్చాం.

ఆ తర్వాతి కథ మాత్రం మనం పెద్దగా చెప్పుకోం. అదే మనిషి 1930ల మొదట్లో బొంబాయి దాదర్‌లో, అందునా హిందూ కాలనీలో, అప్పు చేసి ఇల్లు కట్టారు. అదే రాజగృహ. తన వేల పుస్తకాలకు చోటుండేలా కట్టుకున్నారు. అక్కడే ఇంకో వీధిలో రెండో ప్లాటు తీసుకొని చార్‌మినార్ అనే భవనం కట్టారు. ఎందుకో తెలుసా? కిరాయికి ఇవ్వడానికి. అప్పులు తీర్చడానికీ పుస్తకాల కోసమూ 1941లో దాన్ని అమ్మేశారు. రాజగృహ మాత్రం అమ్మలేదు. గదిలోంచి గెంటేయించుకున్న మనిషి గదులు కట్టి కిరాయికిచ్చే స్థితికి రావడం తప్పని ఆయన అనుకోలేదు. ఆ డబ్బుతో ఏం చేశారన్నదే మనకు కావాలి. చదివారు, రాశారు, ఉద్యమం నడిపారు. ఇంకొకరి దయ మీద నడిచే ఉద్యమం ఎంత దూరం పోతుందో ఆయనకు తెలుసు.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్‌తో సహా ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ గదుల్లోంచి గెంటేస్తే, వాళ్లు చలిలో వెలివాడ కట్టుకొని పడుకున్నారు. గది తాళం చెవి ఎవరి చేతిలో ఉంటే మన చదువు వాళ్ల చేతిలో ఉంటుంది. నేను తాళం చెవులు మన చేతికి రావాలంటున్నాను. వచ్చాక ఏం చేయాలో కూడా చెప్తాను. ఎందుకంటే తమ్ముడి అనుమానంలో న్యాయముంది. మనవాళ్లలోనే కొందరు మూడంతస్తులు లేపగానే "ఫ్యామిలీస్ ఓన్లీ" బోర్డు పెడుతున్నారు. మాలోళ్ల ఇంట్లో మాదిగ పిల్లాడికి, మాదిగోళ్ల ఇంట్లో డక్కలి పిల్లాడికి, అందరి ఇళ్లలో ముస్లిం కుటుంబానికి, ఒంటరి ఆడమనిషికి, హిజ్రాకు "నిన్ననే ఇచ్చేశామమ్మా" అన్న మాటే వినపడుతోంది. ఇంటి పేరు "భీమ్ నిలయం", లోపల మనుస్మృతి. దాని కంటే ఆ ఇల్లు కట్టకపోవడమే నయం.

చట్టం సంగతి కూడా ఒకసారి తెలుసుకోండి. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో, అంటరానితనం పేరుతో అడ్డుకోకూడని వాటి జాబితా ఉంటుంది. ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడం, పొందడం, అందులో ఉండడం ఆ జాబితాలో ఉన్నాయి. అడ్డుకుంటే నేరం. 70 ఏళ్ల నుంచి ఉంది. 20 ఏళ్ల నా తిరుగుడులో కిరాయి ఇల్లు ఇవ్వలేదని ఈ సెక్షన్ కింద కేసు పెట్టినవాళ్లను నేను చూడలేదు. ఓనర్ "మీ కులం వల్ల ఇవ్వను" అని కాగితం మీద రాసివ్వడు కదా. "ప్యూర్ వెజ్" అంటాడు, "మా అల్లుడు వస్తున్నాడు" అంటాడు. 2005లో అహ్మదాబాద్ పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ సమాజం వాళ్లకే పరిమితం చేసుకున్న నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. 2015లో సుఖ్‌దేవ్ థోరాట్ బృందం ఈపీడబ్ల్యూలో అచ్చేసిన అధ్యయనంలో ఢిల్లీ చుట్టుపక్కల ఇళ్ల కోసం వేర్వేరు పేర్లతో అడిగి చూశారు. దళిత, ముస్లిం పేర్లకు తలుపులు ఎట్లా మూసుకుంటాయో అంకెలతో చూపించారు. అయినా 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో కులం పేరుతో ఇల్లు నిరాకరించకూడదన్న ఒక్క వాక్యం లేదు. మన 1960 నాటి బిల్డింగ్స్ చట్టంలోనూ లేదు.

చట్టం మారేదాకా మన ఇళ్లలోనైనా మన రాజ్యాంగం నడపొచ్చు. మేం పాటించేవి చెప్తాను. ఇందులో దానధర్మం లేదు. లెక్క తప్పకుండా మనిషి తప్పకుండా నడిపే పద్ధతి ఇది.

1. కులం, మతం, తిండి అడగం. అడిగేవి మూడే. ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, ఎన్నాళ్లు ఉంటారు. వంటింట్లో ఏం ఉడుకుతుందో మాకు అనవసరం.

2. అడ్వాన్స్ రెండు నెలలు, అంతకు మించదు. నమూనా చట్టంలో కూడా నివాసానికి రెండు నెలలే పరిమితి. ఖాళీ చేసిన రోజే లెక్క చూసి తిరిగి ఇస్తాం. పెయింటింగ్ పేరుతో ఒక నెల కోసుకోవడం మన నగరంలో ఆచారం. మనం ఉన్న గోడకు మనం రంగు వేసుకోవాలి. కిరాయి తీసుకునేది అందుకే కదా.

3. అగ్రిమెంట్ రాస్తాం, తెలుగులో. చదవడం రానివాళ్లకు చదివి వినిపిస్తాం. ఖాళీ చేయించాలన్నా, చేయాలన్నా రెండు నెలల ముందు చెప్పాలి. ఏడాదికి 5 శాతానికి మించి పెంచం.

4. పోర్షన్‌కి ఒక కరెంటు మీటరు. ఇది అన్నింటికంటే ముఖ్యం. నలుగురికీ ఒకే మీటరుంటే యూనిట్లు కలిసిపోయి స్లాబు పైకి పోతుంది. 2024లో గృహజ్యోతి వచ్చాక తెల్లకార్డున్న కిరాయిదారులకు కూడా 200 యూనిట్లలోపు జీరో బిల్లు వస్తుంది. ఒకే మీటరున్న ఇంట్లో ఆ మేలు ఎవరికీ అందదు. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి 10 రూపాయలు గుంజే ఓనర్లున్నారు. తమ్ముడు అడిగిన దోపిడీ అంటే అది.

5. కిరాయి ఫోన్‌పే, గూగుల్‌పేలోనే. నగదిస్తే రసీదు. ఇద్దరికీ రుజువుంటుంది. వచ్చిన కిరాయిని ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపిస్తాం. అందులో 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు, లోను మిత్తి వేరే. దాచిన కిరాయి బ్యాంకు ముందు ఆదాయం కాదు. చూపించిన కిరాయి రేపు మీ రెండో లోనుకు ఆధారం.

6. స్కాలర్‌షిప్ మీద బతికే పిల్లలకు ఒకటో తారీఖు పట్టింపు లేదు. స్కాలర్‌షిప్పులు ఏ నెలలో పడతాయో సర్కారుకే తెలియదు. దాని కోసం ఒక నెల మొత్తం కిరాయి, 30 వేలు, పక్కన వేరే ఖాతాలో ఉంచుతాం. ఎవరిది ఆలస్యమైనా బ్యాంకు కిస్తీ ఆ ఖాతాలోంచి పోతుంది, వాళ్లు కట్టాక మళ్లీ నింపుతాం. జాలి మీద నడిపితే మూడో నెలకు మనకే చిరాకొస్తుంది. ముందే పక్కన పెట్టిన డబ్బు మీద నడిపితే రాదు.

7. ఉద్యోగముండీ ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. మాకూ తగిలారు. నెల దాటితే కూర్చోబెట్టి మాట్లాడతాం, రెండో నెలకు నోటీసు, అడ్వాన్స్‌లో సర్దుబాటు, ఖాళీ. అరుపులుండవు, సామాను బయటపడేయడం ఉండదు, కరెంటు కట్ చేయడం ఉండదు. మన మీద నడిచిన దౌర్జన్యాన్ని మనం ఇంకొకరి మీద నడపం.

8. పోర్షన్‌లోకి అడక్కుండా పోం. ఎవరు వస్తున్నారు, ఎవరు రాత్రి ఆలస్యమయ్యారు అని కిటికీలోంచి చూడం. కిరాయి కట్టినన్నాళ్లు అది వాళ్ల ఇల్లు.

ఈ ఎనిమిదీ పెట్టుకున్నాకే నేను పైన చెప్పిన లెక్క వచ్చింది. అంటే వీటితో కూడా కిస్తీ కడుతూ నిలబడొచ్చు. మంచిగా ఉంటే మునిగిపోతామని భయపెట్టే ఓనర్ల సంఘాలకు నా ఖాతా పుస్తకం చూపిస్తాను. ఒక్క విషయం మాత్రం మర్చిపోకండి. ఇది 8.5 శాతం దగ్గర నిలబడింది. రెండు రూపాయల మిత్తి కింద ఉన్న ఓనర్‌ను మంచివాడుగా ఉండమని నేను అడగలేను. వాడు ప్రతి ఖాళీ రోజుకూ భయపడతాడు, ఆ భయం కిరాయిదారు మీద పడుతుంది. అందుకే ఓనర్ స్వభావాన్ని తిట్టడంతో ఆగకుండా అప్పు స్వభావాన్ని మార్చాలంటున్నాను.

అడగాల్సినవి ఇవీ. విద్యార్థి సంఘాల డిమాండ్ల పత్రంలో చేర్చండి.

ఒకటి, సొంత జాగాలో కిరాయి గదులు కట్టుకోవడాన్ని ఎస్సీ కార్పొరేషన్ స్వయం ఉపాధి యూనిట్‌గా గుర్తించాలి. కారుకిచ్చే డబ్బు పునాదికి ఇవ్వాలి. రెండు, ఇంటి స్థలం పట్టాల మీద లోను ఇచ్చే బ్యాంకులకు ప్రభుత్వం గ్యారంటీ ఇవ్వాలి. అప్పుడు వేలం భయం చెప్పి తప్పించుకోలేరు. జాగా మాత్రం పెద్దల పాలు కాకూడదు, 1977 చట్టం కాపలా అట్లనే ఉండాలి. మూడు, కులం, మతం పేరుతో ఇల్లు నిరాకరిస్తే శిక్ష ఉండే నిబంధన రాష్ట్ర అద్దె చట్టాల్లో రావాలి. "ఓన్లీ ఫలానా" బోర్డు పెట్టినా, ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చినా అదే రుజువుగా తీసుకోవాలి. నాలుగు, యూనివర్సిటీల చుట్టూ ప్రభుత్వ సాయంతో కట్టే ప్రతి ప్రైవేటు హాస్టల్‌లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు వాటా ఉండాలి.

తమ్ముడూ, నువ్వు ఆ ప్రశ్న అడుగుతూనే ఉండు. నన్నూ అడుగు, రేపు నువ్వు ఇల్లు కట్టాక నిన్ను నువ్వూ అడుగు. నువ్వు కట్టాలి కూడా. నీ తర్వాత హైదరాబాద్‌కు వచ్చే పిల్లకు బస్సు దిగిన రోజే ఒక ఫోన్ నంబర్ దొరకాలి, "మీరేమోళ్లు" అని అడగని ఓనర్‌ది. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా అట్లాంటి ఓనర్లం ఇప్పటికి 11 మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. పోర్షన్ ఖాళీ అయితే ముందు అందులో పెడతాం, తర్వాతే బోర్డు. మీ ఊళ్లో, మీ బస్తీలో ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.

వచ్చే ఆదివారం ఐదో భాగం. నోటరీ జాగా, లావుణి పట్టా, రిజిస్టర్డ్ డాక్యుమెంట్, ఈ మూడింటికీ బ్యాంకు దగ్గర ఏమవుతుందో కాగితం కాగితం వారీగా. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్న కాగితం తీసి, దాని మీద ఏం రాసుందో ఒకసారి అమ్మానాన్నలతో కూర్చొని చదివి రండి.

జై భీమ్.